ముందు కొళాయి, తర్వాత చీటీ

నా పదవీ విరమణ సభలో శాలువా కప్పి, పూలదండ వేసి, ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని నన్ను "మన కుక్కకాటు సిస్టర్" అని పరిచయం చేశాడు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. పేరు నచ్చక కాదు, అందులో నవ్వడానికి ఏముందో అర్థం కాక. గుండె జబ్బుల వార్డులో పనిచేసిన ఆమెను చూసి ఎవరూ అలా నవ్వరు. కాటు అనేసరికి మాత్రం అందరికీ అదొక చిల్లర వ్యవహారం. ఏ కుక్కో పిక్క పట్టుకుంది, ఏ తేనెటీగో ముక్కు మీద కుట్టింది, సూది వేయించుకుని పోతే సరి అనుకుంటారు.

ఆ అభిప్రాయాన్ని నేను ఉద్యోగంలో ఉండగా ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఫ్యాక్టరీలతో నిండిన హెబ్బగోడి దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంజెక్షన్ల గదిలోనే నా సర్వీసులో చాలా భాగం గడిచింది. ఇప్పుడు ఆ గదిలోకి కొత్తగా వచ్చే నర్సు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రాయాలనిపించడానికి అసలు కారణం ఓబులమ్మ అనే పెద్దావిడ. ఒక కుక్కపిల్ల ఆమె బొటనవేలి దగ్గర కరిచింది. ఆమె ఆ చెయ్యి చాపుతుందా దాచుకుంటుందా అన్నదాని మీదే ఆమె ప్రాణం ఆధారపడింది. ఆమె దగ్గరికి వచ్చేముందు మా గది సంగతి కొంత చెప్పాలి.

ఎవరిని కరుస్తాయి

కొత్తగా శిక్షణకు వచ్చిన నర్సులకు మొదటి రోజు నేనొక పని చెప్పేదాన్ని. "మీ ఒంటి మీద కాటు మచ్చ ఉంటే చూపించండి" అనేదాన్ని. మొదట సిగ్గుపడేవాళ్ళు. తర్వాత ఒకమ్మాయి మోకాలు చూపించేది, ఇంకొకమ్మాయి చిన్నప్పుడు కోతి లాగిన చెవి చూపించేది, మరొకమ్మాయి తేలు కుట్టిన రాత్రి అమ్మమ్మ ఏం చేసిందో చెప్పేది. చెప్పడానికి ఏమీ లేని పిల్ల ఒక్కతీ నాకు తగల్లేదు. మీరు కూడా టీ బంకు దగ్గర నిలబడి నలుగురిని అడిగి చూడండి. కాటు పడని మనిషి లేడు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు అందులో కొందరే.

మా గదికి వచ్చేవాళ్ళను చూస్తే ఈ ఊరు ఎవరి కాళ్ళ మీద నడుస్తోందో తెలుస్తుంది. తెల్లారకముందే వీధులు ఊడ్చేవాళ్ళు, పాల ప్యాకెట్లు వేసేవాళ్ళు, బండి మీద వేడి అన్నం తెచ్చిచ్చే కుర్రాళ్ళు, రాత్రి డ్యూటీ దిగి గదికి నడిచి వెళ్ళే ఫ్యాక్టరీ ఆడపిల్లలు. చిక్కపేట బజారులో బట్టల మూటల మీద కునుకు తీసే హమాలీలను ఎలుకలు కొరుకుతాయి. కట్టుబడి పని జరిగే చోట ఇటుకలు ఎత్తేవాళ్ళకు తేళ్ళు, జెర్రులు. కారులో వచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. "మా కుక్కకు టీకాలు వేయించాం సిస్టర్, ఊరికే ఆడుకుంటూ కరిచింది" అనేవాళ్ళు. ఆడుకుంటూ కరిచినా దిగింది పన్నే. వాళ్ళనూ కొళాయి దగ్గరికే పంపేదాన్ని.

ఒకసారి ఒక పెద్ద అపార్టుమెంటు మేనేజరు తన సెక్యూరిటీ గార్డును తీసుకొచ్చాడు. బాల్కనీ కింద పట్టిన తేనెపట్టుకు పొగ పెట్టమని ఆ గార్డుకు పురమాయించారట. ముఖం గుమ్మడికాయలా వాచిపోయింది. మేనేజరు మాత్రం "తేనెటీగలే కదా సిస్టర్, తొందరేం లేదు, వరసలో ఉంటాం" అన్నాడు, అదేదో మర్యాద అన్నట్టు. గార్డు గొంతులో ఈల వినిపిస్తోంది. వరసను పక్కకు నెట్టి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాం, తొడకు సూది పడింది, బతికాడు. కుట్టినప్పుడు ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా ఆ మనిషికి వరస లేదు. ఇది గోడ మీద రాసి పెట్టుకోండి.

ముందు కొళాయి

నేను ఆ ఆసుపత్రికి వచ్చినప్పుడు అక్కడొక పద్ధతి ఉండేది. కాటు పడ్డ మనిషి మొదట ఓపీ చీటీ కోసం నిలబడాలి, తర్వాత డాక్టరు గది ముందు, ఆ తర్వాత మా గది ముందు. నా ముందుకు వచ్చేసరికి గాయం మీద కారమో, సున్నమో, కాఫీపొడో ఎండి పెచ్చు కట్టి ఉండేది. కడిగిన గాయం ఒక్కటీ కనిపించేది కాదు. పిచ్చికుక్క క్రిమి గాయంలో ఉన్నంతసేపు బట్టల సబ్బుకు కూడా లొంగుతుంది. నరంలోకి ఎక్కిందా, ఇక ఎవరికీ లొంగదు. అలాంటప్పుడు మనిషిని చీటీ కోసం ఎండలో నిలబెట్టడమేమిటి?

ప్లంబరును బతిమాలి వరండా గోడకు ఒక కొళాయి పెట్టించాను. వల సంచిలో సబ్బు కట్టి వేలాడదీశాను. ముందు కొళాయి, తర్వాత చీటీ అన్నాను. ధార కింద పెట్టి, సబ్బు రాసి, నాకు విసుగు పుట్టేదాకా కడగాలి. నాకు తొందరగా విసుగు పుట్టదు.

మా పెద్ద డాక్టరుకు మాత్రం పుట్టింది. గదిలోకి పిలిచారు.

"సిస్టర్, మనకు వచ్చేవి ట్యాంకరు నీళ్ళు. తెలుసా?"

"తెలుసు సార్."

"చీటీ లేకుండా పేషెంటును ముట్టుకోకూడదు. అది కూడా తెలుసా?"

"నేను ముట్టుకోవడం లేదు సార్. వాళ్ళ కాళ్ళు వాళ్ళే కడుక్కుంటున్నారు."

మరుసటి వారం తనిఖీ ఉందని, వరండా తడిగా కనిపిస్తే బాగుండదని కొళాయి పిడి తీయించారు. నేను బజారు నుంచి ఇంకో పిడి తెచ్చి బిగించాను. దానికి మెమో ఇచ్చారు. "గాయం కడిగించడం నర్సు పని" అని ఒకే ఒక వాక్యం జవాబు రాసి ఇచ్చాను. ఆయన చెడ్డమనిషి కాదు. వరండాలో ఎవరైనా జారిపడితే మాట పడాల్సింది ఆయనే. కొన్నాళ్ళకు ఆయన డ్రైవరునే కుక్క కరిచింది. అప్పుడు ఆయనే అతని రెక్క పట్టుకుని నేరుగా కొళాయి దగ్గరికి తెచ్చారు. చీటీ లేదు. నేను ఆయన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పథ్యం లేని మందు

తర్వాత కొంతకాలానికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. మంచివాడు, ఓపిక ఉన్నవాడు. సూదులు బొడ్డు చుట్టూ కాదని, ఇప్పుడు భుజానికేనని ప్రతి ఒక్కరికీ ఓపికగా చెప్పేవాడు. అయినా మొదటి సూది వేయించుకున్నవాళ్ళలో చాలామంది రెండో సూదికి వచ్చేవాళ్ళు కాదు. "ఎందుకు సిస్టర్, నేనేమైనా తప్పుగా మాట్లాడుతున్నానా?" అని ఒకరోజు దిగులుగా అడిగాడు.

కారణం నాకు తెలుసు. ఎందుకంటే నేనూ వాళ్ళలో మనిషినే. మాది హొసకోటె. కదిరి, మదనపల్లె, ఇటు మా చుట్టుపక్కల ఊళ్ళు, ఎక్కడివాళ్ళైనా మందు చేతికి రాగానే మొదట అడిగేది "పథ్యమేమి?" అని. ఏమి తినకూడదో, ఏమి ముట్టకూడదో చెప్పాలి. ఎంత కఠినమైన పథ్యమైతే అంత గొప్ప మందు. మా డాక్టరేమో నవ్వుతూ "పథ్యమేమీ లేదు, అన్నీ తినండి" అనేవాడు. అంతే, వాళ్ళ మనసులో ఆ మందు నీళ్ళతో సమానమైపోయేది. చక్కగా ఊరికి బస్సెక్కి పసరు తాగేవాళ్ళు. పసరు ఇచ్చేవాళ్ళు పెట్టే మొదటి నిబంధనేమో గాయానికి తడి తగలకూడదని, రెండోది సూది వేయించుకోకూడదని.

అప్పటినుంచి పథ్యం చెప్పడం నేను మొదలుపెట్టాను. సూది వేశాక చెయ్యి వదలకుండా గట్టిగా చెప్పేదాన్ని. "ఈ మందుకు పథ్యం ఉండాది. పుండు మీద కారం, సున్నం, ఆకుపసరు పెట్టకూడదు. సబ్బుతో కడగాల. గుడ్డతో బిగించి కట్టకూడదు. చెప్పిన దినం సూదికి రాకుండా ఉండకూడదు. తప్పితే మందు పని చేయదు, మళ్ళా నా మీదకు రావద్దు." ఇందులో ఒక్క అబద్ధం లేదు. జనం తిరిగి రావడం మొదలుపెట్టారు. పెద్ద డాక్టరు మళ్ళీ పిలిచి, మీరు మూఢనమ్మకాలు పెంచుతున్నారన్నారు. పెంచడం లేదు సార్, పనికి పెడుతున్నాను అన్నాను.

ఓబులమ్మ చెయ్యి

అంజినమ్మ, ఆమె భర్త కదిరి వైపు నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్ళు. పని జరిగే చోటే రేకుల షెడ్డులో కాపురం. వాళ్ళ పాపను చూసుకోవడానికి భర్త తల్లి ఓబులమ్మ వచ్చి ఉంటోంది. షెడ్డు దగ్గర ఒక కుక్కపిల్లను సాకుతున్నారు. అది ఒకరోజు ఉన్నట్టుండి పాప బుగ్గ పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే చచ్చి పడి ఉంది. దాంతో అంజినమ్మ పనికి పోకుండా బిడ్డను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. వెనకే అత్త.

పాప బుగ్గ కడుగుతుంటే గోల గోల. ఓబులమ్మ ఒక్క చేత్తోనే మనవరాలిని పట్టుకుంది. రెండో చెయ్యి కొంగులో ఉంది. నాకు పని నేర్పిన పెద్ద సిస్టరు ఒక ప్రశ్న ఎప్పుడూ మరవొద్దని చెప్పేది. కరిపించుకున్నదెవరు అని అందరూ అడుగుతారు, కుక్కను పట్టి పక్కకు పీకిందెవరు అని నువ్వు అడుగు అనేది.

"కుక్కను పీకిందెవరు?" అన్నాను.

"మా అత్త, సిస్టరమ్మా" అంది అంజినమ్మ.

"చెయ్యి చూపించు పెద్దమ్మా."

"నా చేతికేముండాది? నువ్వు పిల్లను సూడు" అంది ఓబులమ్మ.

"రెండు చేతులూ చూపించు."

ఎడమ చెయ్యి చూపించింది. రెండోదాని సంగతేమిటంటే కత్తిపీట తగిలిందంది. అంజినమ్మే కొంగు లాగింది. బొటనవేలి మొదట్లో పళ్ళ గాట్లు, వాటి మీద నూరి పెట్టిన పచ్చని ముద్ద.

అంజినమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "మా ఊర్లో కుక్కమందు ఇచ్చేది మా అత్తే సిస్టరమ్మా. వాళ్ళ మామ కాలం నుండి వస్తుండాది. సుట్టుపక్కల ఊర్లోళ్ళంతా ఈయమ్మ కాడికే వస్తారు."

పాపకు గాయం చుట్టూ, క్రిమిని అక్కడే ఆపే సీరం, భుజానికి సూది పడ్డాయి. ఓబులమ్మ తన చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

"నేను సూది ఏసుకుంటే ఇంగ నా మందు మాటేమి?" అంది. "నా కాడ తాగినోళ్ళకు నేనేమి చెప్పాల?"

"నీ కాడికి వచ్చినోళ్ళను కరిచిన కుక్కల్లో శానావాటికి పిచ్చి లేదు పెద్దమ్మా. అందుకే వాళ్ళు బతికినారు. ఈ కుక్కపిల్ల సచ్చిపోయింది."

ఆమె లేచి గేటు వైపు నడిచింది. నేను వెళ్ళి అడ్డం నిలబడ్డాను. వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. పెద్ద డాక్టరు కిటికీలోంచి, ఇష్టం లేనివాళ్ళను ఎందుకు ఆపుతున్నారు సిస్టర్ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇష్టం లేదన్న మాట మీద మనిషిని చావడానికి పంపడం మర్యాద కాదు, బద్ధకం.

"మనవరాలికి నీ మందు ఎందుకు తాపలేదు?" అన్నాను.

ఆమె చెయ్యి మళ్ళీ కొంగులోకి పోయింది.

"అంజినమ్మ ఆసుపత్రికి పోతానంటే వద్దనలేదే నువ్వు. వెంట వస్తివి కదా. నీ మందు మీద నమ్మకముంటే పిల్లను ఈడికెందుకు తెస్తివి?"

ఓబులమ్మ కోడలి చంకలో ఉన్న పాప వైపు చూసింది. నాకు ఆమె మీద కోపం పోయి భయం మొదలైంది. తర్వాత ఆమె వెనక్కి తిరిగి, కొళాయి కింద గట్టు మీద కూర్చుని చెయ్యి ధారలో పెట్టింది. పచ్చముద్ద కరిగిపోయింది. వేలి చుట్టూ సీరం ఎక్కిస్తుంటే మగవాళ్ళు కూడా అరుస్తారు. ఆమె కనురెప్ప కదపలేదు. అంతా అయ్యాక "పథ్యమేమి?" అని అడిగింది. నేను చెప్పాను. ఒక వైద్యుడు ఇంకో వైద్యుడి మాట విన్నట్టు తలవంచి విన్నది.

కదిరి బస్సు

రెండో సూదికి ఆమె ఒంటరిగా వచ్చింది. వేయించుకున్నాక లేవలేదు.

"మీ మందు తీసుకున్నోళ్ళు పోతే మీరేమి చెప్తారు?" అంది.

"పోయినారనే చెప్తాం పెద్దమ్మా. ఎందుకు పోయినారో వెతుకుతాం."

"రంగప్ప అని ఒకడు నా మందు తాగినాడు. నీళ్ళు సూస్తే అరిసి అరిసి పోయినాడు. పథ్యం తప్పినాడని చెప్పినా. పెండ్లాం వంకాయ కూర పెట్టిందని ఊరంతా అనింది. ముందు అనింది నేనే."

నీ తప్పేం లేదులే అని అనలేకపోయాను, ఎందుకంటే తప్పు ఉంది. తర్వాతి సూది తేదీ చీటీ మీద రాసిచ్చాను. ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ కొత్త పిల్లలకు ఒక మాట. పసరు ఇచ్చేవాళ్ళను మోసగాళ్ళని తిట్టడం తేలిక. వాళ్ళలో చాలామంది నమ్మి ఇస్తారు, నమ్మి తాగుతారు. మనిషి పోయినప్పుడు మందును ఎవరూ తప్పుపట్టరు, వండి పెట్టిన ఆడదాన్ని తప్పుపడతారు. పిచ్చికుక్క క్రిమి ఒకరిని చంపుతుంది. పథ్యం తప్పిందన్న మాట ఆ ఇంట్లో మిగిలినవాళ్ళను ఏళ్ళ తరబడి చంపుతుంది. ఈ రెండోది ఏ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాతి సూది రోజున పాప వచ్చింది, ఓబులమ్మ రాలేదు. ఊరికి పోయిందని అంజినమ్మ చెప్పింది. ఫోను చేస్తే మోగడం లేదు. రానివాళ్ళ వెంట పడటం మన పని కాదు సిస్టర్ అన్నారు పెద్ద డాక్టరు. మరి ఎవరి పని సార్ అని అడిగాను. మళ్ళీ పసరు నూరుకుని తాగిందేమో అనుకున్నాను. కదిరి ఆసుపత్రిలో పనిచేసే తెలిసిన అమ్మాయికి ఫోను చేసి ఆమె పేరు చెప్పి పెట్టాను. అక్కడికీ రాలేదు.

గది తాళం వేసే వేళకు ఓబులమ్మ చేతిలో గుడ్డసంచీతో, బస్సు దుమ్ముతో గుమ్మంలో నిలబడింది.

"నా సూది ఉండాదా, అయిపోయిందా?"

"యాడికి పోతివి?" అని కసిరాను.

"రంగప్ప ఇంటికి. ఆయమ్మకు చెప్పొచ్చినా. నువ్వు పెట్టిన కూరతో కాదు, నా మందుతోనే నీ మొగుడు పోయినాడు అని చెప్పినా."

సీసా తీస్తూ, "ఏమనింది?" అన్నాను.

"ఇన్నేండ్లు ఊరు నన్ను మొగుణ్ణి సంపినదాన్నని అనింది, నువ్వు ఇప్పుడొస్తివా, అనింది. కాళ్ళు పట్టుకుంటే ఇడిపించుకునింది. పో అనింది. నేను పోలేదు, వాకిట్లోనే కూర్చుంటి. నిన్న పొద్దు గూకినాక లోపలికి పిలిసి అన్నం పెట్టింది." ఓబులమ్మ స్టూలు మీద కూర్చుని రవిక చెయ్యి పైకి లాక్కుంది. "వంకాయ కూర. ఆయప్ప పోయినంక ఆ ఇంట్లో వంకాయ వండనే లేదంట."

సూది పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా ఆగలేదు. ఆమె నా వైపు చూసి తొందరపెట్టింది.

"బిన్నా ఎయ్యి సిస్టరమ్మా. మళ్ళా కదిరి బస్సు ఎక్కాల. ఇంగొక ఇల్లుండాది."